ఇంటర్వల్ దాకా పరుగే, ఆ తర్వాత కథ కూర్చుండిపోతోంది. ఏం చేయాలి?

సీన్_నంబర్_41
ఎనిమిది నెలల నుంచి ఒకే స్క్రిప్టు మీద ఉన్నాను. వన్‌లైన్ ఆర్డర్‌లో (సీనుకో వాక్యం చొప్పున రాసుకున్న వరసలో) 68 సీన్లు. ఇంటర్వల్ 36వ సీనుకి పడుతుంది. అక్కడిదాకా ఎవరికి చెప్పినా కదలకుండా వింటున్నారు. 41వ సీను దగ్గరికి వచ్చేసరికి ఎదుటివాళ్ల చెయ్యి ఫోన్ మీదికి వెళుతోంది. గత వారం ఒక ఆఫీసులో నెరేషన్ ఇచ్చాను. ఫస్టాఫ్ అవ్వగానే టీ తెప్పించి, "బాగుంది తమ్ముడూ, కానీ" అన్నారు. సెకండాఫ్ మొదలుపెట్టిన పావుగంటకి "మిగతాది మెయిల్ పెట్టు" అన్నారు. మెట్లు దిగుతుంటే కాళ్లు ఆడలేదు.

కథ ఇది. కోనసీమలో ఒక ఊరు. హీరో జూనియర్ లైన్‌మ్యాన్. వాళ్ల నాన్న కూడా లైన్‌మ్యానే. పదిహేనేళ్ల కిందట స్తంభం మీదే షాక్ కొట్టి పోయాడు. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపించి తీసుకునే అనుమతి) తీసుకోకుండా, తాగి ఎక్కాడని రిపోర్టు రాశారు. ఊరంతా అదే నమ్మింది, వాళ్లమ్మ తప్ప. నాన్న మీద పడ్డ ఆ మచ్చ తుడవాలని కుర్రాడి తపన. సబ్‌స్టేషన్ స్టోర్‌రూములో పాత లాగ్‌బుక్ దొరుకుతుంది. ఆ తేదీ పేజీలో ఒక గీత ఖాళీగా ఉంటుంది. పేజీని కిటికీ వెలుగుకి ఏటవాలుగా పెట్టి చూస్తే పెన్సిల్‌తో రాసి చెరిపేసిన అచ్చు కనబడుతుంది: నాన్న పేరు, టైము. అంటే ఎల్‌సీ తీసుకున్నాడు. ఆ రోజు షిఫ్టులో ఉన్నది తనని పెంచిన మేనమామ. ఇంటర్వల్.

సెకండాఫ్‌లో మామ వెనకాల ఒక కాంట్రాక్టరు ఉన్నాడని తెలుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్లలో రాగి కొట్టేసే ముఠా, ఎమ్మెల్యే, ఛేజింగ్, రెండు ఫైట్లు, చివర్లో కోర్టు. ఇందులో ఏం పెంచాలి? ట్విస్టు కావాలా, యాక్షనా?

ఎడిట్_టేబుల్
ఏదీ పెంచకు. ముందు ఒక్క వాక్యంలో చెప్పు. ఇంటర్వల్ తర్వాత హీరోకి ఏం కావాలి?

సీన్_నంబర్_41
కాంట్రాక్టర్‌ని పట్టించాలి.

ఎడిట్_టేబుల్
ఇంటర్వల్ ముందు?

సీన్_నంబర్_41
నాన్న తప్పు చేయలేదని ఊరికి తెలియాలి.

ఎడిట్_టేబుల్
మరి ఆ కోరిక 36వ సీనులో ఎక్కడికి పోయింది? నువ్వు రెండు కథలు రాశావు. మొదటిది అయిపోయింది. రెండోదాని కోసం జనం టికెట్టు కొనలేదు.

కృష్ణానగర్_మూడో_వీధి
నేను ఒప్పుకోను. విలన్‌ని ఇంటర్వల్ తర్వాత దింపడమే ఇక్కడ తప్పు. అదే కాంట్రాక్టర్‌ని ఫస్టాఫ్‌లో రెండు సీన్లలో చూపించు. ఒక గుడి దగ్గర, ఒక పెళ్లిలో. అలా లీడ్ (ముందస్తు సూచన) పడితే సెకండాఫ్ దానంతటదే లేస్తుంది. నేను పనిచేసిన రెండు స్క్రిప్టుల్లో ఇదే రిపేరు చేశాం.

ఎడిట్_టేబుల్
లీడ్ పడితే విలన్ ఎక్కడి నుంచి ఊడిపడ్డాడన్న ప్రశ్న పోతుంది. కానీ ఇప్పుడు ఆ కుర్రాడు కాంట్రాక్టర్‌ని కొడితే నాకేంటి? నేను గంటన్నర కూర్చుంది మామ కోసం, అమ్మ కోసం.

గోదారి_గట్టు
కాంట్రాక్టర్ వచ్చాక మామ ఏం చేస్తుంటాడు?

సీన్_నంబర్_41
45వ సీనులో గుండెపోటుతో ఆసుపత్రిలో చేరతాడు. మళ్లీ క్లైమాక్స్‌లో సాక్ష్యం చెప్పడానికి వస్తాడు.

గోదారి_గట్టు
ఇంత మంచి మనిషిని మంచం మీద పడుకోబెట్టేశావేంటి అన్నా! సెకండాఫ్ మొత్తం మోయాల్సినవాడు ఆయనే.

డల్లాస్_దీపాలు
ఇక్కడ అమెరికాలో స్క్రీన్‌రైటింగ్ క్లాసుకి వెళ్లినప్పుడు మొదటి వారమే సిడ్ ఫీల్డ్ పుస్తకం చేతిలో పెట్టారు. 1979లో వచ్చింది. ఆయన లెక్కలో పేజీకి ఒక నిమిషం. 120 పేజీల స్క్రిప్టులో మొదటి 30 పరిచయం, నడిమి 60 సంఘర్షణ, చివరి 30 ముగింపు. అరవయ్యో పేజీ దగ్గర ఒక మలుపు. ఆ మలుపునే ఇంటర్వల్ అనుకుని నేను చాలాకాలం రాశాను. ఎందుకు అతకడం లేదో తర్వాత అర్థమైంది. ఇక్కడి ప్రేక్షకుడు ఆ మలుపులో కుర్చీలోంచి లేవడు, కథ ఆగకుండా వెళ్లిపోతుంది. మనవాడు లేచి, లైట్ల కిందికి వచ్చి, పాప్‌కార్న్ లైన్లో నిలబడి, పక్కవాడితో కథ మాట్లాడతాడు. ఆ పది నిమిషాల్లో మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి మిగలాలి. నీ ఇంటర్వల్లో వాళ్లు "ఓహో, మామేనా" అంటారు. అక్కడితో మాట ముగిసింది. "అయ్యో, ఇప్పుడు వీడు ఇంటికెళ్లి మామ ఎదురుగా ఎలా అన్నం తింటాడు?" అనాలి కదా.

సశేషం
డల్లాస్ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. వారపత్రికల్లో సీరియళ్లు చదువుకున్న తరం మాది. పత్రిక గురువారం వస్తే శుక్రవారం బావి దగ్గర చర్చ. రహస్యం బయటపడిన వారం కన్నా, రహస్యం ఒకరికి తెలిసి ఇంకొకరికి తెలియని వారాలే మమ్మల్ని ఎక్కువ తిప్పలు పెట్టేవి. "సశేషం" అన్న ముక్క చూస్తే ఒళ్లు మండేది. వచ్చే వారం దాకా ఆ మనుషులు మా ఇంట్లోనే ఉండేవాళ్లు.

వరంగల్_కత్తెర
సశేషం గారి బావి దగ్గర చర్చే మా కృష్ణానగర్ టీ కొట్టు 😀

శాస్త్రం_చదివిన_పిల్ల
ఎంఏ తెలుగులో ధనంజయుడి నాటకశాస్త్రం దశరూపకం పాఠంగా ఉండేది. అప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టాను, రాయడం మొదలుపెట్టాక మళ్లీ తీశాను. అయిదు సంధులు, అంటే నాటక కథ నడిచే అయిదు దశలు, అందరికీ తెలిసినవే: ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం. నన్ను ఆపేసింది మాత్రం బిందువు. ముఖ్యమైన పని మధ్యలో తెగిపోయినప్పుడు దాన్ని తెగకుండా పట్టి ఉంచేది బిందువు అంటాడు ధనంజయుడు. నీళ్ల మీద పడ్డ నూనెచుక్కలా పరుచుకుంటుందని వ్యాఖ్యానం. మన ఇంటర్వల్ అచ్చంగా ఒక తెగడమే. లైట్లు వేసి మరీ తెంపుతాం. తెగిన చోట ఏ చుక్క పరుచుకుంటుంది? ఈ కథలో ఆ చుక్క "నాన్న పేరు". దాన్ని 36లో తుడిచేసి 37లో రాగి దొంగలు అనే కొత్త చుక్క వేశారు.

ఇంకొకటి. గర్భసంధి అంటే కనబడిన బీజం (కథకి విత్తనమైన విషయం) మళ్లీ పోవడం, మళ్లీ మళ్లీ వెతుక్కోవడం. మీ హీరోకి బీజం కనబడింది. కానీ పోలేదు! లాగ్‌బుక్ చేతిలోనే ఉంది. ఇక వెతకాల్సింది ఏముంది? దాని తర్వాతది విమర్శ సంధి. కోపం వల్లో, ఆపద వల్లో, ప్రలోభం వల్లో మనిషి ఆగి ఆలోచించుకునే ఘట్టం అది. మీ సెకండాఫ్‌లో కోపం ఒక్కటే ఉంది, అదీ ఫైట్లలో ఖర్చయిపోయింది. ప్రలోభం లేదు. మామ కూతురు లేదా కథలో?

సీన్_నంబర్_41
ఉంది. మరదలు. ఫస్టాఫ్‌లో రెండు పాటలు.

శాస్త్రం_చదివిన_పిల్ల
చూశారా, ప్రలోభం ఇంట్లోనే ఉంది. నోరు మూసుకుంటే పెళ్లి, తెరిస్తే పాడె.

వరంగల్_కత్తెర
నాకు ఈ సంధుల గొడవ ఎక్కదు. సిడ్ ఫీల్డ్ అయినా ధనంజయుడు అయినా రాసిపడేసిన కథల్ని ముందేసుకుని పేర్లు పెట్టినవాళ్లే. రాసేవాడు రాత్రి రెండు గంటలకి తెల్లకాగితం ముందు కూర్చుని "ఇప్పుడు విమర్శ సంధి రాస్తాను" అనుకుంటే ఒక్క డైలాగు కూడా రాదు. నేను పాత్రని వెంబడిస్తాను, అంతే.

శాస్త్రం_చదివిన_పిల్ల
రాసేటప్పుడు అవసరం లేదు, నేనూ అలా రాయను. రాసింది కదలనప్పుడు ఎక్కడ పట్టేసిందో వెతకడానికి అక్కరకొస్తుంది. డాక్టరు నరాల పేర్లు నేర్చుకునేది రోగి నడవడానికి కాదు కదా.

వరంగల్_కత్తెర
ఈ మాట ఒప్పుకుంటాను.

పుల్లేటికుర్రు_పిల్లాడు
మా నాన్న ముప్ఫై ఏళ్లు లైన్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యారు. కథ చదివి వినిపించాను. ఆయన ఒక్కటే అడిగారు: "వాళ్ల నాన్న ఎర్త్ రాడ్ వేశాడా?"

మీకు తెలియకపోతే చెబుతాను. 11 కేవీ లైన్ మీద పని ఉంటే ముందు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి, ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైన్) పేరు చెప్పి ఎల్‌సీ అడుగుతారు. ఆపరేటర్ బ్రేకర్ ఆఫ్ చేసి, ఎవరికిచ్చాడో, ఎన్నింటికిచ్చాడో పుస్తకంలో రాసుకుంటాడు. అంతటితో ఎక్కకూడదు. పని చేసే చోట డిశ్చార్జ్ రాడ్లు (అవే ఎర్త్ రాడ్లు) తగిలించి లైన్‌ని భూమికి కలపాలి. అప్పుడు ఎవరైనా పొరపాటున ఛార్జ్ చేసినా ఫీడర్ ట్రిప్ అవుతుంది, పైన ఉన్న మనిషి బతికే అవకాశం ఉంటుంది. పని అయ్యాక ఎల్‌సీ ఎవరు తీసుకున్నారో వాళ్లే తిరిగి ఇవ్వాలి. ఇంకొకరు చెబితే లైన్ ఇవ్వకూడదు. మా నాన్న ఫోన్లో "నేనే మాట్లాడుతున్నా, దిగాను, మనుషులందరూ దిగారు" అని గట్టిగా అరిచి చెప్పడం చిన్నప్పటి నుంచి విన్నాను.

అందుకని మీ కథలో నాన్న చనిపోయాడంటే రాడ్ వేయలేదన్నమాట. అంటే ఆయన తప్పు కూడా కొంత ఉంది.

సీన్_నంబర్_41
ఇది నాకు తట్టలేదు. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా. మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. ఇప్పుడు కథ మొత్తం కూలిపోయినట్టేనా?

పుల్లేటికుర్రు_పిల్లాడు
నాన్న చెప్పింది ఇంకా ఉంది. రాడ్లు సెక్షన్‌కి ఒకటో రెండో ఉన్న రోజులు తనకి తెలుసట. ఒక ఊళ్లో పనికి తీసుకెళితే ఇంకో ఊరికి ఉండేవి కావు. వర్షం వస్తోంది, ఊరంతా చీకటి, జనం ఫోన్లు, "ఎల్‌సీ ఉంది కదా" అని ఎక్కేసేవాళ్లట. అలా ఎక్కిన రోజులు తనకీ ఉన్నాయన్నారు. తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు.

ఎడిట్_టేబుల్
కూలిపోవడం కాదు, ఇప్పుడు నిలబడింది. శాస్త్రం అమ్మాయి అడిగిన "కనబడి పోయే బీజం" ఇదే. ఇంటర్వల్లో నాన్న నిర్దోషి అని దొరికింది. సెకండాఫ్‌లో ఎవరో ఒక ముసలి లైన్‌మ్యాన్ "రాడ్ వేశాడా?" అని అడుగుతాడు. చేతికి దొరికిన నిజం సగమే అని తెలుస్తుంది. కాంట్రాక్టర్ అవసరమే లేదు.

కృష్ణానగర్_మూడో_వీధి
సరే, దిగివస్తున్నాను. కానీ ఫైట్లు లేని సెకండాఫ్ చెబితే ఏ ఆఫీసులోనూ రెండో టీ రాదు.

గోదారి_గట్టు
గోదారి వరదలో తెగిన లైన్ వేయడం చూశారా ఎప్పుడైనా? నాటు పడవలో స్తంభం దాకా వెళ్లి ఎక్కుతారు. ఫైట్ కన్నా టెన్షన్.

బేతాళ_ప్రశ్న
మూడు రోజులుగా చదువుతున్నాను. అందరూ "ప్రశ్న ఉండాలి, ప్రశ్న ఉండాలి" అంటున్నారు. ప్రశ్న ఒక్కటే చాలదు. చందమామలో బేతాళ కథలు చదివి పెరిగాం కదా, వాటి చట్రం ఒకసారి గుర్తు తెచ్చుకోండి. విక్రమార్కుడు శవాన్ని మోసుకుని వెళుతుంటాడు. మౌనంగా ఉండాలి, మాట్లాడితే శవం తిరిగి చెట్టెక్కుతుంది. బేతాళుడు కథ చెప్పి చిక్కుప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే పడ్డ శ్రమంతా పోతుంది. రాజుకి జవాబు తెలుస్తుందా లేదా అన్నది అక్కడ అసలు ఉత్కంఠే కాదు. ఆయనకి ప్రతిసారీ తెలుసు. తెలిసినందుకే చిక్కు.

మీ కుర్రాడు ఇంటర్వల్ దాకా జవాబు తెలియనివాడు. ఇంటర్వల్ నుంచి తెలిసినవాడు. మీరు మాత్రం ఇంకా తెలియనివాడి కథే నడుపుతున్నారు: వెనకాల ఎవరున్నారు, ఆ వెనకాల ఎవరున్నారు అని. ఆ తవ్వకం ఆపండి. తెలిసినవాడి కథ రాయండి. చెబితే మామ జైలుకి పోతాడు, మరదలు దూరమవుతుంది, అమ్మకి ఉన్న ఒక్క తోడబుట్టినవాడు పోతాడు. చెప్పకపోతే నాన్న తాగుబోతుగానే మిగిలిపోతాడు. పుల్లేటికుర్రు వారి నాన్నగారి ప్రశ్న తర్వాత, చెబితే నాన్న తప్పు కూడా బయటికొస్తుంది. ప్రతి సీనులో ఎవరో ఒకరు తెలియక వాడిని అదే అడగాలి. అమ్మ అడగాలి. మరదలు అడగాలి. టీ కొట్టువాడు అడగాలి.

ఎడిట్_టేబుల్
ఈ పోస్టు నేను ప్రింటు తీసుకుంటున్నాను.

సశేషం
అమ్మ అడిగే సీను మాత్రం వంటింట్లో పెట్టు బాబూ. హాల్లో వద్దు. చేపలు తోముతూ అడగాలి, మొహం చూడకుండా.

వరంగల్_కత్తెర
నవలకీ పనికొస్తుంది ఇది. నా నవల 140వ పేజీ దగ్గర ఆగిపోయి ఆరు నెలలైంది. నా నాయికకి కూడా నిజం తెలిసిపోయింది, నేను ఇంకా క్లూలు పేరుస్తూ కూర్చున్నాను.

పాత_అట్ట
ఒక పక్క విషయం. కాశీమజిలీ కథలు ఎన్ని సంపుటాలు సాగినా విసుగు రాకపోవడానికి కూడా అడగడమే కారణం. మజిలీ దిగగానే శిష్యుడు గోపడు ఊళ్లోకి వెళ్లి ఏదో వింత చూసి వస్తాడు, "ఇదేంటి స్వామీ" అని పట్టుబడతాడు, అప్పుడు గానీ గురువు మణిసిద్ధుడు కథ ఎత్తుకోడు. శ్రోతకి ఆకలి పుట్టించి గాని విస్తరి వేయలేదు.

డల్లాస్_దీపాలు
నాన్న ఫ్లాష్‌బ్యాక్ ఎంతసేపు ఉంది?

సీన్_నంబర్_41
12 నిమిషాలు. 39 నుంచి 43 దాకా. ఒక పాట కూడా.

డల్లాస్_దీపాలు
ఫోన్లు బయటికొచ్చే చోటు అదే! మామ అని తెలిసిన వెంటనే మాకు మామ మొహం చూడాలని ఉంటే, నువ్వు పదిహేనేళ్లు వెనక్కి తీసుకెళ్లి నాన్న మంచివాడని పాట పాడిస్తున్నావు. ఆ సంగతి అమ్మని చూసి ఎప్పుడో నమ్మాం.

పాత_అట్ట
నాన్నని అసలు చూపించకపోతే? మాయాబజార్ చూడండి, 1957. పాండవులు ఒక్క సీనులో కూడా తెర మీదికి రారు. కానీ కథంతా వాళ్లు రాజ్యం పోగొట్టుకోవడం చుట్టూనే తిరుగుతుంది. వాళ్ల గతి మారిందనే కదా శశిరేఖ పెళ్లి మాట మారింది. ఆ లోటు ఎవరికైనా తెలిసిందా? మీ నాన్న పాత్ర ఒక చెరిపేసిన పెన్సిల్ గీతగానే ఉండిపోతే ఇంకా బరువు.

కృష్ణానగర్_మూడో_వీధి
నాన్న పాత్రకి పెద్ద ఆర్టిస్టుని అనుకుంటే ఫ్లాష్‌బ్యాక్ తీయనివ్వరు. అనుకోకపోతే హాయిగా తీసేయొచ్చు.

సీన్_నంబర్_41
ఎవరినీ అనుకోలేదు. తీసేస్తున్నాను. పాటకి ట్యూన్ కూడా అయిపోయింది, ఆ కుర్రాడికి ఎలా చెప్పాలో.

సశేషం
అమ్మ వంటింట్లో కూనిరాగంగా తీస్తే సరిపోతుంది. రెండు లైన్లు.

గోదారి_గట్టు
దాదాపు సగం తిరగరాయాలంటే గుండె జారిపోతుంది నిజమే. కన్యాశుల్కం మొదటి కూర్పు 1897లో అచ్చయింది. మనం ఇప్పుడు చదువుతున్నది 1909 నాటి రెండో కూర్పు. అచ్చయిన నాటకాన్ని ముందేసుకుని గురజాడ దాదాపు కొత్త నాటకం రాశారు. నీది ఇంకా మెయిల్లోనే ఉంది.

సీన్_నంబర్_41
పదకొండు రోజులైంది. గోడ మీద కార్డులు 37 నుంచి అన్నీ పీకేశాను. కాంట్రాక్టర్ పోయాడు, ఎమ్మెల్యే పోయాడు, కోర్టు పోయింది. మామ మంచం దిగాడు. రిటైర్మెంట్‌కి నాలుగు నెలలుంది, అదే సబ్‌స్టేషన్‌లో షిఫ్టు. ఒక సీను రాశాను, చూడండి.

తెల్లవారుజాము, సన్న జల్లు. కొబ్బరిమట్ట పడి ఫీడర్ పోయింది. కుర్రాడు స్తంభం కింద ఒక్కడే. ఫోన్ చేస్తాడు. అటు మామ.
"ఎల్‌సీ కావాలి మామా."
అటు నుంచి బ్రేకర్ పడిన చప్పుడు. "ఇచ్చాను. ఎక్కు."
కుర్రాడు ఎక్కడు. సైకిల్‌కి కట్టిన రాడ్ విప్పుతాడు. లైన్‌కి తగిలిస్తాడు. రెండోసారి లాగి చూస్తాడు. ఫోన్ ఇంకా పెట్టేయలేదు, మామ ఊపిరి వినబడుతోంది.
"ఎన్నింటికి రాశావు మామా?"
"అయిదూ పది."
జల్లు. కాసేపు ఎవరూ మాట్లాడరు.
"పెన్నుతోనే రాశాన్రా."

పుల్లేటికుర్రు_పిల్లాడు
నాన్నకి చదివి వినిపించాను. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "తగిలించేముందు టెస్టర్‌తో చూడమను" అన్నారు.

బేతాళ_ప్రశ్న
అంటే మామకి తెలుసు, వీడికి తెలిసిందని.

సీన్_నంబర్_41
అవును. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ అనరు. టెస్టర్ కలుపుతాను.

ఎడిట్_టేబుల్
ఇది క్లైమాక్సా?

సీన్_నంబర్_41
కాదు. 41.

ఎడిట్_టేబుల్
42?

సీన్_నంబర్_41
వంటింట్లో అమ్మ. చేపలు తోముతూ.